మరుగుతున్న నీటికి 51 డిగ్రీలు

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమీ ఆదివారమూ ఒకే రోజున వచ్చాయి కనుక ఆటోనగర్‌లో తలుపు తెరిచే దుకాణం ఉండదు. పానకం తాగి, పటమటలోని మా అపార్టుమెంటు కింద కారు బోనెట్ ఎత్తి, ఈ పని కోసం ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. నేను మెకానిక్‌ను కాను. ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పుకునేవాణ్ణి. కనుక ఇందులో చేతిపని తక్కువగానూ కొలతలు ఎక్కువగానూ ఉంటాయి.

కారు 2014లో కొన్న 1.2 లీటర్ల పెట్రోలు బండి. 2024 ఆగస్టు 31 రాత్రి అది సింగ్‌నగర్‌లో మా బావగారి ఇంటి ముందు నిలిపి ఉంది. తెల్లవారేసరికి బుడమేరు వీధుల్లోకి వచ్చేసింది. నీరు బోనెట్ అంచు దాకా చేరి, వారం దాటాక గానీ తీయలేదు. ఎవరూ తొందరపడి తాళం తిప్పలేదు కాబట్టి ఇంజిన్ దక్కింది. లాగించుకుపోయిన వర్క్‌షాపు వారు ఆయిళ్లన్నీ మార్చి, లోపలి సామానంతా ఎండబెట్టి, దీపావళి దాటాక తిరిగి ఇచ్చారు. ఆ తరువాత నాలుగు నెలలు దాని గురించి ఆలోచించవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు ఉన్న లక్షణాలు ఇవి. మార్చి రెండో వారం నుంచి చెక్ ఇంజిన్ దీపం వెలుగుతోంది. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే బండి, ట్యాంకు నింపి మళ్లీ నింపే లెక్కన, 12 దగ్గర ఆగిపోయింది. నిలిపి ఉన్నప్పుడు ఇంజిన్ నిమిషానికి 1000 చుట్ల దాకా తిరుగుతోంది. అది 780 దగ్గర ఉండేది. వెనుక నిలబడితే పొగగొట్టం దగ్గర పచ్చి పెట్రోలు వాసన తెలుస్తోంది. అన్నిటికన్నా విచిత్రం నీలి దీపం. ఈ కారుకు ఉష్ణోగ్రత ముల్లు లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు ఒక నీలి దీపం, మరీ వేడెక్కితే ఒక ఎర్ర దీపం, అంతే. ఏప్రిల్ నెల బెజవాడలో మధ్యాహ్నం రెండింటికి, ఏలూరు రోడ్డు మీద అరగంట నడిపాక కూడా ఆ నీలి దీపం ఆరడం లేదు.

స్టీరింగు కింద, ఇంజిన్ కంప్యూటర్ గుర్తించిన లోపాలను చదివే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంది. అందులో ఈఎల్‌ఎం 327 రకం బ్లూటూత్ అడాప్టర్ గుచ్చి ఫోనులో చూస్తే ఒకే కోడ్ కనిపించింది: పి0128. దానితో పాటు, కోడ్ పడిన క్షణంలో ఉన్న విలువలను ఇంజిన్ కంప్యూటర్ దాచి ఉంచింది. వేగం 58, లోపలికి పీల్చుకునే గాలి 41 డిగ్రీలు, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, 47 డిగ్రీలు.

ఈ కోడ్‌ను అందరూ ‘థర్మోస్టాట్ కోడ్’ అంటారు. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వెళ్లనివ్వకుండా ఆపే వాల్వే థర్మోస్టాట్. నిజానికి అది చెప్పేది అంతకన్నా తక్కువ. ఇంజిన్ ఎంతసేపు నడిచింది, ఎంత గాలి పీల్చింది అన్న లెక్కను బట్టి ఈ పాటికి కూలెంట్ ఇంత వేడెక్కి ఉండాలని కంప్యూటర్ ఒక అంచనా కడుతుంది. సెన్సర్ చెప్పే విలువ ఆ అంచనాను అందుకోకపోతే ఈ కోడ్ వేస్తుంది. కూలెంట్ నిజంగానే చల్లగా ఉందా, లేక చల్లగా ఉందని సెన్సర్ చెబుతోందా అన్నది దానికి తెలిసే మార్గం లేదు. సెన్సర్ తీగ పూర్తిగా తెగితే పి0118, షార్ట్ అయితే పి0117 పడతాయి. ఆ రెండూ లేవు కనుక సెన్సర్ బాగానే ఉందని నేను ఈ రోజు రాసుకున్నాను. ఆ వాక్యాన్ని తరువాత కొట్టేయవలసి వచ్చింది.

ఏప్రిల్ 8, మంగళవారం

సాయంత్రం కాలేజీ అయ్యాక ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. కోడ్ చెప్పకుండా నీలి దీపం సంగతి మాత్రమే చెప్పాను. ఆయన నవ్వి, “మాస్టారూ, ముందు లోపల వాల్వు ఉందో లేదో చూద్దాం, వరద బండి కదా” అన్నారు. పైగొట్టం తీసి థర్మోస్టాట్ గూడు విప్పితే లోపల ఏమీ లేదు. ఇంతకుముందే ఎవరో ఖాళీ గూటికి ప్యాకింగు పెట్టి బిగించారు.

ఇది మన ప్రాంతంలో పాత అలవాటు. ఎండలు ఎక్కువ కనుక ఇంజిన్‌కు ఎప్పుడూ చల్లని నీరు అందాలని, వాల్వు అడ్డు అనీ చెప్పి తీసేస్తారు. కార్బ్యురేటర్ కాలంలో దాని నష్టం ఎవరికీ కనిపించేది కాదు. ఇప్పటి ఇంజిన్‌లో పెట్రోలు ఎంత చిమ్మాలి, నిప్పు ఎప్పుడు వేయాలి అన్నవి కూలెంట్ ఉష్ణోగ్రత మీద ఆధారపడతాయి; చల్లగా ఉందనుకుంటే కంప్యూటర్ అదనపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. థర్మోస్టాట్ ఆపేది వేడెక్కేదాకా మాత్రమే; ఆ తరువాత అది పూర్తిగా దారి ఇస్తుంది.

కొత్త వాల్వు కొని, బిగించే ముందు మేస్త్రి గారి టీ పొయ్యి మీద గిన్నెలో వేసి చూశాం. దాని అంచున 82 అని అచ్చు ఉంది. నా థర్మామీటరు 83 చూపినప్పుడు పెదవి విడింది. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడిపి, కోడ్ చెరిపేసి ఇంటికి వచ్చాను. కారణం దొరికిందన్న తృప్తితో ఆ రాత్రి నోటుపుస్తకంలో ‘ముగిసింది’ అని రాశాను.

ఏప్రిల్ 10, గురువారం

ముగియలేదు. నీలి దీపం ఆరలేదు. నిన్నా నేడూ ఇంటికీ కాలేజీకీ మధ్య తిరిగాక పి0128 మళ్లీ వచ్చి కూర్చుంది.

ఇవాళ జరిగిన దాన్ని మాత్రం వివరంగా రాయాలి. సాయంత్రం ఆరున్నరకు బెంజి సర్కిల్ దగ్గర, ఫ్లైఓవర్ కింద, ట్రాఫిక్ కదలక ఇరవై నిమిషాలు నిలబడ్డాను. పెట్రోలు ఎంత తాగుతోందో తేడా చూద్దామని ఏసీ ఆపి ఉంచాను. కాసేపటికి బోనెట్ కింద నుంచి టీ మరుగుతున్నట్లు చప్పుడు వినిపించింది. పక్కకు తీసి చూస్తే కూలెంట్ డబ్బాలో బుడగలు లేస్తున్నాయి, పైగొట్టం మీద చెయ్యి ఆనడం లేదు, రేడియేటర్ ఫ్యాను మాత్రం కదలకుండా ఉంది. ఆ సమయంలో ఫోనులో కూలెంట్ ఉష్ణోగ్రత 51 డిగ్రీలు. నీలి దీపం వెలుగుతూనే ఉంది.

ఏసీ వేయగానే ఫ్యాను తిరిగింది, ఎందుకంటే ఏసీ అడిగితే కంప్యూటర్ ఉష్ణోగ్రతతో పని లేకుండా ఫ్యాను వేస్తుంది. అంటే ఇన్నాళ్లూ ఈ ఇంజిన్‌ను కాపాడింది మా ఊరి ఎండ. ఏసీ లేకుండా ఎవరూ బయలుదేరరు కనుక ఫ్యాను తిరుగుతూ వచ్చింది. చలికాలంలో ఉదయం పూట అద్దాలు దించి నడిపిన రోజులు తలచుకుంటే ఇప్పుడు కొంచెం భయమేసింది. ఎర్ర దీపం కూడా ఇదే సెన్సర్ మాట విని వెలిగేదే కనుక అది ఎన్నటికీ హెచ్చరించి ఉండేది కాదు.

వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయాలన్న ఆలోచన చుట్టూ చేరిన ఇద్దరికి వచ్చింది. వారిని ఆపడమే ఇవాళ నేను చేసిన అసలైన మరమ్మతు.

ఏప్రిల్ 12, శనివారం

కారును రోడ్డు మీదికి తీయకుండా రెండు రోజులుగా కొలతలు తీస్తున్నాను.

మొదటి కొలతకు పరికరమే అక్కరలేదు. రాత్రంతా నిలిపి ఉన్న బండిలో, తెల్లవారుజామున, కూలెంట్ ఉష్ణోగ్రతా ఇంజిన్ పీల్చే గాలి ఉష్ణోగ్రతా చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రతా ఒక్కటే కావాలి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి ఐదున్నరకు చూశాను. గోడ మీది థర్మామీటరు 29, గాలి సెన్సర్ 29, కూలెంట్ సెన్సర్ 21. ఏప్రిల్‌లో, గాలి ఆడని సెల్లారులో, బెజవాడ ఇంజిన్ 21 డిగ్రీలు ఉండడం అసంభవం. ఈ ఒక్క పరీక్ష ఆరో తేదీన చేసి ఉంటే థర్మోస్టాట్ కన్నా ముందు సెన్సర్‌ను అనుమానించేవాణ్ణి. అయితే వాల్వు లేని మాటా నిజమే కనుక ఆ ఖర్చు వృథా కాలేదు.

తరువాత, కాలేజీ ప్రయోగశాల నుంచి తెచ్చిన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో, ఏసీ వేసి ఉంచి, ఇంజిన్ వేడెక్కుతుండగా సెన్సర్ పక్కనే ఉన్న లోహపు గూటిని కొలిచాను. ఇక్కడ ఒక పొరపాటు జరిగేదే. మెరిసే అల్యూమినియం మీద గన్ను 54 చూపింది. సెన్సర్ 49 అంటోంది. ఆ రెండూ దగ్గర దగ్గరగా ఉండేసరికి సెన్సరే నిజం చెబుతోందేమోనని ఒక నిమిషం తడబడ్డాను. మెరిసే లోహం వేడిని తక్కువగా వెదజల్లుతుంది కనుక ఈ గన్నులు దాన్ని చల్లగా చూస్తాయని పాఠం చెప్పే నేనే మరిచిపోయాను. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి మళ్లీ కొలిస్తే 90 వచ్చింది.

అలా టేపు మీద కొలిచిన నిజమైన వేడినీ సెన్సర్ చెప్పిన వేడినీ జతలుగా రాసుకున్నాను. నిజంగా 29 ఉన్నప్పుడు సెన్సర్ 21 అంది. 60 దగ్గర 39, 80 దగ్గర 46, 90 దగ్గర 49. చల్లగా ఉన్నప్పుడు తేడా ఎనిమిది డిగ్రీలు. వేడెక్కాక నలభై ఒకటి. ఈ అంకెల్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను, ఎందుకంటే సెన్సర్ పాడైందని చెప్పడం తేలిక, ఎలా పాడైతే తేడా ఈ తీరున పెరుగుతుందో చెప్పడం తేలిక కాదు.

ఈ సెన్సర్ ఒక థర్మిస్టర్. వేడెక్కే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ఈ రకానికి 20 డిగ్రీల దగ్గర 2.45 కిలో ఓములు, 40 దగ్గర 1.15, 60 దగ్గర 0.58, 80 దగ్గర 0.32 ఉంటుంది. కంప్యూటర్ లోపలి నుంచి 5 వోల్టులను ఒక నిరోధకం గుండా దీనికి పంపి, దీని కొసల మధ్య ఎంత వోల్టేజీ మిగిలిందో చూసి, దాన్ని డిగ్రీలుగా చదువుకుంటుంది. అంటే కంప్యూటర్‌కు తెలిసేది నిరోధమే. డిగ్రీలు దాని తాత్పర్యం మాత్రమే. కాబట్టి నేను రాసుకున్న డిగ్రీలను వెనక్కి తిప్పి ఓముల్లోకి మార్చాను.

నిజమైన 29 డిగ్రీలకు 1.72 కిలో ఓములు ఉండాలి. కంప్యూటర్ చూసిన 21 డిగ్రీలకు అర్థం 2.35. తేడా 0.63. నిజమైన 60కి 0.58 ఉండాలి, చూసింది 1.19, తేడా 0.61. 80 దగ్గర 0.32 ఉండాలి, చూసింది 0.93, తేడా 0.61. 90 దగ్గర 0.24 ఉండాలి, చూసింది 0.84, తేడా 0.60.

డిగ్రీల్లో ఎనిమిది నుంచి నలభై ఒకటికి పెరిగిన తేడా, ఓముల్లోకి వచ్చేసరికి ఎక్కడ చూసినా 600 దగ్గరే నిలిచింది. థర్మిస్టర్ ముసలిదై ఉంటే దాని నిరోధం ఏదో ఒక నిష్పత్తిలో మారాలి. చల్లగా ఉన్నప్పుడు వందల ఓములు, వేడిలో పదుల ఓములు తేడా రావాలి. వేడితో నిమిత్తం లేకుండా ఒకే 600 ఓములు కలుస్తున్నాయంటే, దారిలో ఎక్కడో వరసగా ఇంకొక నిరోధం వచ్చి కూర్చుంది. చల్లని ఇంజిన్‌లో 1700కి 600 కలిస్తే పెద్దగా కనబడదు. వేడి ఇంజిన్‌లో 240కి 600 కలిస్తే కథే మారిపోతుంది. చలికాలంలో పొట్టి ప్రయాణాల్లో ఈ జబ్బు ఎందుకు బయటపడలేదో ఇప్పుడు అర్థమైంది.

ఇదే లెక్కతో మరొకటి చూశాను. నీరు 100 డిగ్రీలకు చేరితే సెన్సర్‌కు 0.19 ఉండాలి; దానికి 0.6 కలిపితే 0.79; అది కంప్యూటర్‌కు 51 డిగ్రీలు. బెంజి సర్కిల్ దగ్గర ఫోనులో కనిపించిన అంకె సరిగ్గా అదే. నిజమైన వేడి ఎంత పెరిగినా, థర్మిస్టర్ నిరోధం సున్నా అయినా, ఆ 600 ఓములు పోవు కాబట్టి కంప్యూటర్ 59 దాటి చూడలేదు. ఫ్యాను తొంభై దాటితే గానీ తిరగదు.

ఏప్రిల్ 13, ఆదివారం

600 ఓములు ఎక్కడున్నాయి? సెన్సర్ లోపలా, దానికి తీగను కలిపే కప్లర్‌లోనా, కంప్యూటర్ దాకా వెళ్లే తీగలోనా?

కప్లర్ ఊడదీశాను. ఊడదీయగానే ఫోనులో −40 డిగ్రీలు వచ్చింది, పి0118 పడింది, ఫ్యాను పూర్తి వేగంతో తిరిగింది. అది మంచి లక్షణమే. సెన్సర్ మాట పూర్తిగా అందకపోతే కంప్యూటర్ ఇంజిన్‌ను కాపాడే వైపుకు మొగ్గుతుంది. సగం సగం అందినప్పుడే మోసపోతుంది.

కప్లర్‌లోని రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే 4.96 వోల్టులు. దీన్ని చూసి తీగ బాగుందని సంతోషపడకూడదు. మల్టీమీటర్ తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ కనుక, దారిలో కొన్ని వందల ఓముల చిలుము ఉన్నా వోల్టేజీ దాదాపు పూర్తిగానే కనిపిస్తుంది. భారం పెట్టి చూడాలి. ప్రయోగశాల డబ్బాలో నుంచి నారింజ, నారింజ, గోధుమ చారల 330 ఓముల నిరోధకం ఒకటి తెచ్చి, సెన్సర్ ఉండవలసిన చోట దాని కాళ్లు గుచ్చాను. తీగ బాగుంటే ఫోనులో 79 డిగ్రీలు రావాలి. 65 వచ్చింది. కాళ్ల మధ్య చిన్న తీగ పెట్టి షార్ట్ చేస్తే అంకె పూర్తిగా పైకి పోవాలి. 104 దగ్గర ఆగింది. రెండు కొలతలూ ఒకే మాట చెప్పాయి: కప్లర్ వైపు 170 ఓములు ఉన్నాయి. ఈ షార్ట్ చేసే పద్ధతి రెండు తీగల ఉష్ణోగ్రత సెన్సర్‌కే చెల్లుతుంది. మూడు తీగలున్న సెన్సర్లలో నేరుగా వచ్చే 5 వోల్టుల సరఫరాను ఇలా షార్ట్ చేస్తే మిగతా సెన్సర్లు కూడా పడిపోతాయి.

ఇంకా 430 ఓములు మిగిలాయి. అవి సెన్సర్‌లోనే ఉండాలి.

ఏప్రిల్ 14, సోమవారం

అంబేడ్కర్ జయంతి సెలవు. ఇంజిన్ చల్లబడి ఉన్నప్పుడే సెన్సర్ విప్పి, ఆ రంధ్రాన్ని గుడ్డతో మూసి వంటింట్లోకి వెళ్లాను. పాలగిన్నె తీసుకోబోతే అమ్మ ఒప్పుకోలేదు. పాత సత్తు గిన్నె ఒకటి అటక మీది నుంచి దించి ఇచ్చి, “దాన్ని మళ్లీ వంటలోకి తేవద్దు” అని చెప్పింది. సెన్సర్ కొన మాత్రమే నీటిలో మునిగేలా తీగతో వేలాడదీసి, పిన్నులను మెత్తటి ఎమెరీ కాగితంతో తుడిచి, మల్టీమీటర్ కొసలు గట్టిగా పట్టించి, పక్కనే ప్రయోగశాల థర్మామీటరు ఉంచాను.

29 డిగ్రీల నీటిలో 2.15 కిలో ఓములు, 60 దగ్గర 1.01, 80 దగ్గర 0.75, 95 దగ్గర 0.64. ఉండవలసిన విలువలను తీసివేస్తే అన్నిచోట్లా 430. పిన్నును వేలితో అటూ ఇటూ కదిపితే అంకె చలించింది. థర్మిస్టర్ గుండుకూ ఇత్తడి పిన్నుకూ మధ్య ఉన్న అతుకులోకి తేమ చేరి ఉంటుందని నా ఊహ. పగలగొట్టి చూడాలని ఉన్నా, కొత్తది బిగించి పని చేసేదాకా పాతదాన్ని పగలగొట్టకూడదన్న మేస్త్రి గారి మాట గుర్తొచ్చి ఆగాను.

కప్లర్‌ను భూతద్దంతో చూశాను. లోపలి రెండు ఆడపిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పట్టి ఉంది. రబ్బరు సీలు వెనుక మడతలో ఎండిన ఒండ్రు, సన్నగా, గంధం పొడిలా. ఏడు నెలల కిందటి బుడమేరు మట్టి. సీలు నీటిని ఆపడానికి పెట్టినదే, కానీ రోజుల తరబడి మునిగి ఉన్నప్పుడు లోపలికి చేరిన కొద్దిపాటి తడిని అదే బయటికి పోనివ్వలేదు.

ఏప్రిల్ 16, బుధవారం

విడిభాగాల కోసం ఆటోనగర్‌లో నాలుగు దుకాణాలు తిరిగాను. మూడో దుకాణంలో ఇచ్చిన సెన్సర్ మర సరిపోయింది, కప్లర్ సరిపోయింది, చూపుకు కవల పిల్లలా ఉంది. జేబులోని మల్టీమీటర్ తీసి కొలిస్తే 2.9 కిలో ఓములు. దుకాణంలో 36 డిగ్రీలు ఉంది. ఆ వేడికి నాకు కావలసింది 1.33. అది వేరే కారు కోసం, వేరే లెక్కతో చేసిన సెన్సర్. దాన్నే బిగించి ఉంటే కొత్త సెన్సర్‌తో కూడా అదే పి0128 వచ్చి, తప్పు కంప్యూటర్‌దేనని తేల్చేసేవారు. కొట్టు కుర్రాడు మొదట విసుక్కున్నాడు గానీ, తరువాత తనే ఆసక్తిగా అరలోంచి ఇంకో రెండు తీసి కొలవమన్నాడు. నాలుగో దుకాణంలో దొరికినది 1.34 చూపింది. సెన్సర్ 650 రూపాయలు, తీగలతో సహా కొత్త కప్లర్ 120, రాగి వాషరు 10.

ఏప్రిల్ 17, గురువారం

తీగ పని నేను చేయలేదు. మేస్త్రి గారి పక్క షెడ్డులో ఉండే ఆటో ఎలక్ట్రీషియన్ చేశారు. నేను టార్చి పట్టుకున్నాను. బ్యాటరీ మైనస్ తీసి, పాత కప్లర్‌ను కత్తిరించి, తీగ మీది తొడుగు వలిచారు. లోపలి రాగి నల్లగా ఉంది. ఇంకో నాలుగు సెంటీమీటర్లు వెనక్కి వలిస్తే అక్కడా నలుపే. తడి రాగి పోగుల మధ్య దీపం వత్తిలో నూనె ఎక్కినట్లు పైకి ఎక్కుతుందని ఆయన చెప్పారు. “ఎర్ర రాగి కనబడేదాకా కోసుకుంటూ పోవాలి మాస్టారూ, మధ్యలో మొహమాటపడితే మళ్లీ నా దగ్గరికే వస్తారు” అన్నారు. పన్నెండు సెంటీమీటర్ల దగ్గర మెరిసే రాగి కనిపించింది.

రెండు తీగల అతుకులూ ఒకదాని పక్కన ఒకటి రాకుండా ఎడంగా పెట్టి, పురి తిప్పి టంకం వేసి, వేడికి బిగుసుకునే స్లీవు తొడిగారు. నా 330 ఓముల నిరోధకాన్ని కొత్త కప్లర్‌లో గుచ్చి చూస్తే 79. ఆయన దాన్ని తీసి, మళ్లీ గుచ్చి, మళ్లీ 79 వచ్చాక తలూపారు.

కొత్త సెన్సర్‌ను కొత్త వాషరుతో, చేతితో మర పట్టించి, చిన్న స్పానరుతో కొద్దిగా మాత్రమే బిగించాం. ఇత్తడి ఒళ్లు, అల్యూమినియం గూడు. బలం చూపిస్తే విరిగేది ఖరీదైనదే. కారిన కూలెంట్ నింపి, గాలి తీసి, కోడ్ చెరిపాం.

ఏప్రిల్ 19, శనివారం

తెల్లవారుజామున ఐదున్నర: గోడ మీద 28, గాలి 28, కూలెంట్ 28.

స్టార్ట్ చేసిన రెండు నిమిషాల నలభై సెకన్లకు, కూలెంట్ 55 దగ్గర, నీలి దీపం ఆరింది. నల్ల టేపు మీద 89 ఉన్నప్పుడు సెన్సర్ 90 అంది. ఏసీ ఆపి నిలిపి ఉంచితే 97 దగ్గర ఫ్యాను తనంతట తాను తిరిగి, 92 దగ్గర ఆగింది. వరద తరువాత ఈ ఫ్యాను ఏసీ అడగకుండా తిరగడం బహుశా ఇదే మొదటిసారి. ఇంజిన్ 780 చుట్లకు దిగింది. పెట్రోలు సవరింపు అంకె ఇంతకుముందు −15 శాతం దగ్గర ఉండేది, అంటే చల్లగా ఉందని నమ్మి కంప్యూటర్ ఒక చేత్తో ఎక్కువ పోస్తుంటే, ఆక్సిజన్ సెన్సర్ మాట విని రెండో చేత్తో తగ్గించుకుంటూ ఉండేది. ఇప్పుడది −3 దగ్గర ఊగుతోంది.

సాయంత్రం కనకదుర్గ వారధి దాటి మంగళగిరి దాకా వెళ్లి వచ్చాను, వెళ్లేటప్పుడు ఏసీతో, వచ్చేటప్పుడు లేకుండా. కొత్త కోడ్ లేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

ట్యాంకు నుంచి ట్యాంకుకు లెక్క: 412 కిలోమీటర్లు, 26.4 లీటర్లు. లీటరుకు 15.6. పి0128 రాలేదు.

పాత సెన్సర్‌ను ఇవాళ పగలగొట్టాను. లోపలి ప్లాస్టిక్‌కూ పిన్నుకూ మధ్య వెంట్రుక మందం చీలిక, దాని వెంట పచ్చటి గీత ఉన్నాయి. కాలేజీలో థర్మిస్టర్ పాఠం రోజున చూపించడానికి దాచాను. 330 ఓముల నిరోధకం మాత్రం తిరిగి ప్రయోగశాలకు చేరలేదు. ఎలక్ట్రీషియన్ గారు దాని కాళ్లకు రెండు పిన్నులు టంకం వేసుకుని తన పనిముట్ల డబ్బాలో ఉంచుకున్నారు. సింగ్‌నగర్ నుంచి వచ్చిన మరో రెండు బండ్లకు ఈ వారంలోనే అది పనికి వచ్చిందట.

ఒక కప్లర్‌లోకి వెళ్లిన ఒండ్రు పక్కవాటిలోకి వెళ్లకుండా ఉండదు. అందుకని ఇవాళ బ్యాటరీ మైనస్ తీసి, చేతికి అందినవన్నీ ఒకటొకటిగా ఊడదీసి చూశాను. గాలి ఒత్తిడి సెన్సర్‌లో ఏమీ లేదు. ఆక్సిజన్ సెన్సర్ కప్లర్ పొడిగా, శుభ్రంగా ఉంది. ఆల్టర్నేటర్ దగ్గర కొద్దిగా మట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఎండబెట్టి పెట్టాను. అన్నిటికన్నా కింద ఉండే, ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్ కప్లర్‌లో మాత్రం అదే గంధం పొడి, ఒక పిన్ను మీద గోరంత పచ్చదనం కనిపించాయి. ప్రస్తుతానికి అది ఏ ఇబ్బందీ పెట్టడం లేదు. పెట్టిన రోజున ఇంజిన్ నడి రోడ్డు మీద ఆగిపోతుంది. కొత్త కప్లర్‌కు నాలుగో దుకాణంలో చెప్పి వచ్చాను. బుధవారం వస్తుందన్నారు.